పెనుకొండ సీమ చరిత్ర – 12వ భాగం: పటాలకెక్కని కరువు

గుత్తి దుర్గంలో నీళ్ళు అడుగంటడంతో 1776లో మురారిరావు ఘోర్పడే హైదరాలీకి లొంగిపోవడం, శ్రీరంగపట్టణం మీదుగా కబ్బాలదుర్గం చెరకు తరలి అక్కడే ప్రాణాలు విడవడం, తండ్రి హిందూరావు పేరిట అతడు నెలకొల్పాడని చెప్పుకొనే హిందూపురంతో పాటు పెనుకొండ, మడకశిర, ధర్మవరం ప్రాంతాలు మైసూరు ఏలుబడిలో కుదురుకోవడం గత భాగంలో చూసిన సంగతులు. ఆ తరువాతి పాతికేళ్ళలో ఈ సీమకు దక్షిణంగానూ తూర్పుగానూ మూడు పెద్ద యుద్ధాలు జరిగాయి. 1780–84, 1790–92, 1799 సంవత్సరాలలో జరిగిన ఆ పోరాటాలను చరిత్రకారులు రెండవ, మూడవ, నాలుగవ మైసూరు యుద్ధాలని పిలుస్తారు. వాటిలో ఎవరు గెలిచారో, ఏ సంధి ఎప్పుడు కుదిరిందో పాఠ్యపుస్తకాల్లో అందరూ చదివినదే కనుక, ఆ యుద్ధాలు బొమ్మల్లోకి ఎలా ఎక్కాయో, వాటి బాధలో ఎంత భాగం ఆ బొమ్మల్లో కనబడుతుందో, ఎంత భాగం అసలు కనబడకుండా పోయిందో ఈ భాగంలో పరిశీలించవలసి ఉంది.

దీనికొక కారణం ఉంది. మైసూరు యుద్ధాలు జరిగిన కాలమే ఐరోపాలో కాల్పనికోద్యమం తలెత్తిన కాలం. తెలుగు పాఠకులకు ఆ ఉద్యమం భావకవిత్వం ద్వారా, అంటే రాయప్రోలు, కృష్ణశాస్త్రి వంటి కవుల ద్వారా, నూరేళ్ళు ఆలస్యంగా పరిచయమైంది. ఐరోపాలో మాత్రం అది కవిత్వంతో పాటు చిత్రకళను కూడా సమూలంగా మార్చింది. అంతకు ముందు యుద్ధచిత్రమంటే రాజు గుర్రంమీద కూర్చొని కొండమీంచి చూడడం, దిగువన సేనలు గళ్ళబల్లమీది పావుల్లా బారులు తీరి ఉండడం మాత్రమే. కాల్పనిక చిత్రకారులు ఆ దూరాన్ని తగ్గించి, చూసేవాడి గుండె దడదడలాడేటట్లు పొగను, మంటను, నెత్తురును, చీకటిని, చావబోతున్న మనిషి ముఖాన్ని దగ్గరగా తెచ్చి పెట్టారు. భయం పుట్టించే దృశ్యంలో కూడా ఒక మహత్తైన అందం ఉంటుందని నమ్మిన ఆ తరానికి కొండకోటలు, ఏనుగులు, రాకెట్లు, పులి గుర్తుల సుల్తాను ఉన్న మైసూరు దేశం కోరి వచ్చిన ఇతివృత్తమైంది. అందువల్లనే లండన్ వీధుల్లో టిప్పు పేరు తెలియని ఇల్లు లేని రోజులు వచ్చాయి.

ఆ ఆసక్తికి మొదటి మూలం ఒక ఓటమి. 1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో కర్నల్ విలియం బెయిలీ నడిపిన సుమారు 3,800 మంది కంపెనీ సైన్యాన్ని హైదరు, టిప్పు చుట్టుముట్టి తుడిచిపెట్టారు. మందుగుండు బండ్లు పేలిపోవడంతో చతురస్రంగా నిలబడ్డ కంపెనీ పటాలం చెదిరిపోయింది. మిగిలినవారు సంకెళ్ళతో శ్రీరంగపట్టణం చేరారు. బెయిలీ 1782లో ఆ చెరలోనే మరణించగా, డేవిడ్ బెయర్డ్ అనే యువ కెప్టెను మూడేళ్ళకు పైగా అక్కడ బందీగా ఉండి 1784లో విడుదలయ్యాడు. విడుదలైనవారు ఇంటికి వెళ్ళి రాసిన బందీల కథలు ఇంగ్లండులో విరివిగా అమ్ముడుపోయాయి. పగ తీర్చుకోవాలన్న కోరిక అక్కడి ప్రజల్లో అచ్చుపుస్తకాల ద్వారా నాటుకుంది.

అదే యుద్ధాన్ని ముందుగా బొమ్మ గీయించినవాడు మాత్రం గెలిచినవాడే. శ్రీరంగపట్టణంలో కావేరి ఒడ్డున 1784లో టిప్పు కట్టించిన దరియా దౌలత్ బాగ్ అనే వేసవి మందిరంలో పడమటి గోడ పొడవునా పొల్లిలూరు యుద్ధం చిత్రించి ఉంది. హిందూపురం నుంచి బెంగుళూరు మీదుగా మైసూరు వెళ్ళే యాత్రికులు నేటికీ దానిని చూడవచ్చు. ఆ గోడమీద ఒక వైపు హైదరు, టిప్పు ఏనుగులమీద ఊరేగుతున్నంత నిబ్బరంగా ఉంటారు. ఫ్రెంచి సేనాని లాలీ దుర్భిణి పట్టుకొని చూస్తుంటాడు. ఎర్రకోటుల సిపాయిలు తుపాకులు ఎత్తి చతురస్రంగా నిలబడి ఉంటారు. ఆ చతురస్రం నడుమ మందుగుండు బండి పేలి మంట లేస్తుంది. గాయపడిన బెయిలీ పల్లకీలో కూర్చొని వేలు కొరుక్కుంటూ ఉంటాడు. ఆ వేలు కొరుక్కోవడం దక్కను, మొగలు చిత్రాల్లో దిగ్భ్రాంతికి పాతగుర్తు. గుర్రపురౌతుల కత్తులకు తెగిన తలలు, మొండేలు, వాటినుంచి చిమ్మే నెత్తురు అదే గోడమీద ఏ దాపరికం లేకుండా ఉన్నాయి. అయితే చిత్రకారుడికి వాటిమీద జాలి లేదు. అవి విజయానికి లెక్కలు, అంతే. చూసేవాడు శత్రువు చావును లెక్కపెట్టి సంతోషించాలన్నదే ఆ గోడ ఉద్దేశం. ఆశ్చర్యకరంగా, ఆ చిత్రాలు శిథిలమైనప్పుడు వాటిని తిరిగి దిద్దించినవారు ఇంగ్లీషువారే. శ్రీరంగపట్టణం పతనానంతరం ఆర్థర్ వెల్లస్లీ ఒకసారి, తరువాత గవర్నరు జనరల్ డల్హౌసీ మరొకసారి ఆ పని చేయించారు. తమ ఓటమి బొమ్మను తామే కాపాడుకొనేంత ధీమా గెలుపుతో వచ్చింది.

ఇక రెండవ పక్షపు చిత్రకారుల సంగతి. 1791 ఆరంభంలో రాబర్ట్ హోమ్ అనే చిత్రకారుడు మద్రాసులో ఓడ దిగాడు. హల్ పట్టణంలో 1752లో పుట్టి, ఆంజెలికా కౌఫ్‌మన్ దగ్గర విద్య నేర్చిన ఈయన, అప్పటికే మైసూరుమీదికి కదిలిన గవర్నరు జనరల్ కార్న్‌వాలిస్ సైన్యంతో తిరిగేందుకు అనుమతి సంపాదించుకున్నాడు. బెంగుళూరు, సావనదుర్గం, శివగంగ, శ్రీరంగపట్టణాలను గీసిన ఆయన చిత్రాలు 1794లో 29 రాగిరేకు అచ్చుబొమ్మలతో పుస్తకంగా వెలువడ్డాయి. రాగిరేకుపై గీతలు చెక్కి, సిరా పూసి, కాగితంమీద అద్ది తీసే ఆ పద్ధతివల్ల ఒకే బొమ్మ వందల ఇళ్ళకు చేరేది. పెద్దచిత్రం ఒక ప్రభువు గోడకెక్కితే, దాని అచ్చు ప్రతి సామాన్య వర్తకుడి గోడకెక్కేది. అందుకే యుద్ధం ముగిసేలోపే చందాలు వసూలు చేసి, పోటీపడి బొమ్మలు వేయించిన ప్రచురణకర్తలు లండన్‌లో ఎందరో కనబడతారు. అలెగ్జాండర్ అలన్, రాబర్ట్ కోల్‌బ్రూక్ వంటి సైనికాధికారులు కూడా కోటల బొమ్మలు గీసి అచ్చువేయించారు. ఎత్తైన బండకొండ, దానిమీద పాముమెలికలా సాగిన గోడ, కింద తాటిచెట్లు, ఒకరిద్దరు మనుషులు కనబడే ఆ బొమ్మల్లోని కొండలు పెనుకొండవాసికి తన ఊరి కొండలాగే తోస్తాయి. కానీ పేరుమోసిన ఆ యుద్ధచిత్రాల్లో పెనుకొండ లేదు. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తరువాత తిరుమలరాయలు విజయనగర రాజధానిని తరలించుకొని వచ్చిన కోట అయినా, ఈ యుద్ధాల్లో ఇంగ్లీషు పటాలం దానిని లగ్గెక్కి పట్టుకోలేదు గనుక చిత్రకారుడికి అది పనికిరాలేదు.

హోమ్ గీసిన చిత్రాల్లో కర్నల్ మూర్‌హౌస్ మరణం బాగా పేరుపొందింది. 1791 మార్చి 7న బెంగుళూరు పేటను కంపెనీ సేన ముట్టడించినప్పుడు ఫిరంగిదళపు అధికారి మూర్‌హౌస్ పేట వాకిట్లో తూటాలు తగిలి కూలిపోయాడు. పటంలో ఆయన తోటివారి చేతుల్లో వాలిపోయి ఉంటాడు. ముఖంమీద వెలుగు పడుతుంది. చుట్టూ పొగ, వెనుక కోటవాకిలి కనబడతాయి. ఈ అమరిక హోమ్ సొంతం కాదు. కెనడాలోని క్విబెక్ యుద్ధంలో జనరల్ వుల్ఫ్ మరణాన్ని బెంజమిన్ వెస్ట్ 1770లో చిత్రించినప్పటినుంచి, శిలువనుంచి దింపిన క్రీస్తును తల్లి ఒడిలో పట్టుకున్న పాత మతచిత్రాల అమరికను యుద్ధవీరుడికి అన్వయించడం ఇంగ్లీషు చిత్రకారులకు అలవాటైంది. చావు ఆ విధంగా పవిత్రమవుతుంది. చూసేవారికి కన్నీరు వస్తుంది గాని కోపం రాదు.

ఈ సీమవాసులకు ఆ అమరిక అంత కొత్తదేమీ కాదు. హిందూపురం, మడకశిర, పెనుకొండ చుట్టుపక్కల ఊళ్ళ పొలిమేరల్లో, చెరువుకట్టలమీద, గుళ్ళ ఆవరణల్లో నిలిచి ఉన్న వీరగల్లులు, అంటే పోరులో పడ్డ వీరుడి జ్ఞాపకంగా నాటిన శిలలు, వెయ్యేళ్ళుగా అదే పని చేస్తున్నాయి. వాటిలో సాధారణంగా మూడు అంతస్తులు ఉంటాయి. అడుగున వీరుడు కత్తి దూసి పోరాడుతూనో, పసులమందను మళ్ళించుకుపోయే దొంగలను ఎదిరిస్తూనో ఉంటాడు. నడిమి అంతస్తులో అప్సరసలు చెరో చెయ్యి పట్టి అతణ్ణి పైకి తీసుకుపోతారు. పై అంతస్తులో శివలింగం ముందు అతడు చేతులు జోడించి ఉంటాడు. లండన్ చిత్రానికీ ఈ శిలకూ నడుమ సముద్రాలున్నా ఉద్దేశం ఒకటే: చచ్చినవాడి చావుకు ఒక అర్థం కల్పించి, బతికున్నవారిని ఓదార్చడం. రెండింటిలోనూ ఆ పోరువల్ల కాలిపోయిన గడ్డివామి గాని, ఎత్తుకుపోయిన విత్తనాల గింజలు గాని, పాలులేక ఏడ్చిన పసిబిడ్డ గాని లేవు. వీరగల్లు ఆ మాట చెప్పలేదని దానిని తప్పుపట్టడం న్యాయం కాదు. ఒక ఊరు తన మనిషిని తలుచుకొని చెక్కించిన రాయి అది. నిజాన్ని కళ్ళకు కట్టిస్తామని ప్రతిజ్ఞ చేసి, సైన్యంతో కూడా తిరిగి, ఆ సైన్యం వెనుక నడిచిన ఆకలిని చూడకుండా వచ్చిన కళను మాత్రం ఆ ప్రశ్న అడిగి తీరాలి.

1791 మే నెలలో ఏమి జరిగిందో చూస్తే ఆ ప్రశ్న ఎందుకు అడగాలో తెలుస్తుంది. మార్చి 21 రాత్రి బెంగుళూరు కోట కంపెనీ వశమైంది. కిల్లేదారు బహదూర్ ఖాన్‌తో పాటు వెయ్యిమందికి పైగా మైసూరు సిపాయిలు ఆ రాత్రి చనిపోయారు. అక్కణ్ణుంచి కార్న్‌వాలిస్ ఉత్తరంగా దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం వైపు, అంటే హిందూపురానికి చేరువగా వచ్చి, నిజాము పంపిన దాదాపు పదివేల గుర్రపుదళాన్ని కలుపుకొని, తిరిగి శ్రీరంగపట్టణంమీదికి నడిచాడు. టిప్పు దారిపొడవునా గడ్డిని, పంటను తగలబెట్టించి, ఊళ్ళను ఖాళీ చేయించాడు. శత్రువుకు మేత దొరకకుండా చేయడం ఆనాటి యుద్ధనీతిలో భాగమే. అయితే ఆ గడ్డీ పంటా శత్రువువి కావు, రైతువి. మే 15న అరికెర దగ్గర పోరులో కంపెనీ గెలిచినా, ముట్టడి ఫిరంగులను లాగే ఎద్దులు మేతలేక, రోగాలతో గుంపులు గుంపులుగా పడి చచ్చిపోయాయి. లాగేవి లేని ఫిరంగులను కార్న్‌వాలిస్ స్వయంగా పేల్చివేయించి వెనుదిరిగాడు. వానలు ముందే దిగాయి. దండులో మశూచి వ్యాపించింది. సిపాయిల వెంట నడిచే వంటవాళ్ళు, మేతగాళ్ళు, చాకళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు చచ్చిన ఎద్దుల కుళ్ళిన మాంసం తిన్నారని ఆ యుద్ధచరిత్ర రాసినవారు దాచకుండా నమోదు చేశారు. ఎదురువచ్చిన మరాఠా దండు బజారులో గింజలు కనబడ్డప్పుడు, అడిగిన ధర ఎంతైనా ఇచ్చి కొన్నారు.

ఆ తరువాత కంపెనీ సైన్యాన్ని బతికించినవారు సుగాలీలు. బంజారాలని, లంబాడీలని కూడా పిలిచే ఈ జనం పెరికెద్దులమీద, అంటే వీపుకు రెండు వైపులా గోనెసంచులు వేలాడేసిన ఎద్దులమీద, దేశం పొడవునా గింజలు, ఉప్పు మోసుకుపోయి అమ్మే సంచార వర్తకులు. వారు ఎవరి పక్షాన ఉంటే ఆ సైన్యం కడుపు నిండేది కాబట్టి, ఇరుపక్షాలవారూ వారికి డబ్బూ అభయమూ ఇచ్చి పిలిచేవారు. కంపెనీ తరఫున కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ వారిని కూడగట్టి, వేలకొద్దీ ఎద్దుల బిడారులను నడిపించాడు. గింజ ఒక చోట లేక మరొక చోట ఉండడం, ఉన్నచోట ఇంకొకరి ఆకలిని కొనుక్కోవడం ఆ వ్యవహారంలో సామాన్యం. దండుకు పోయిన బస్తా ఊరికి దక్కని బస్తాయే. అనంతపురం, సత్యసాయి జిల్లాల్లో నేడు కనబడే తండాలవారి పూర్వుల చరిత్రలో ఈ దండయాత్రలది పెద్ద అధ్యాయం. అయినా ఆ ఎద్దుల బిడారు ఏ పెద్ద పటానికీ నాయకస్థానం పొందలేదు.

ఇదే సమయంలో వానలు తప్పిపోయాయి. 1789 నుంచి 1792 వరకు దక్కనును, గుజరాతును, ఉత్తర సర్కారులను అల్లాడించిన ఆ కాటకానికి పుర్రెల కరువని పేరు వచ్చింది. చచ్చినవారిని పూడ్చేవారు, కాల్చేవారు లేక పుర్రెలు బయళ్ళలో తెల్లబడి పడి ఉండడమే ఆ పేరుకు కారణం. వర్షాధారమైన కొర్ర, జొన్న, ఉలవ పండించే బళ్ళారి, పెనుకొండ సీమల్లో ఒక్క ఏడు వాన తప్పినా చెరువే దిక్కు. ధర్మవరంలో క్రియాశక్తి ఒడెయరు తల్లి ధర్మాంబ పేరిట వెలిసిందని చెప్పుకొనే పెద్దచెరువు గాని, బుక్కపట్నం చెరువు గాని, ఏటా కట్ట మరమ్మతు, తూముల పూడికతీత జరిగితేనే నిలుస్తాయి. యుద్ధకాలంలో ఆ పనికి మనుషులు దొరకరు, ఎద్దులు దండుకు పోతాయి, పన్ను మాత్రం ఆగదు. కరువును వాన తెచ్చిందా, యుద్ధం తెచ్చిందా అని విడదీసి చూడడం అందుకే కష్టం.

బాధ పెట్టినవారు ఒక్క పక్షంవారే అనుకోవడానికి కూడా వీలులేదు. కంపెనీకి మిత్రులుగా వచ్చిన పరశురామ భావు మరాఠా దండు 1791లో శృంగేరి మఠాన్ని కొల్లగొట్టింది. ఆ మఠాన్ని తిరిగి నిలబెట్టేందుకు ధనం పంపి జగద్గురువుకు లేఖలు రాసినవాడు టిప్పు. అదే టిప్పు గుర్రపుదళం తన రాజ్యపు పంటనే కాల్చింది. దండు ఎవరిదైనా పల్లెకు వచ్చిన నష్టం ఒకే రకమైనది.

1792 ఫిబ్రవరిలో టిప్పు సంధికి ఒప్పుకొని, రాజ్యంలో సగభాగం, మూడు కోట్ల ముప్పై లక్షల రూపాయలు ఇవ్వడానికి అంగీకరించి, పూచీగా తన ఇద్దరు కొడుకులు అబ్దుల్ ఖాలిక్‌ను, మొయిజుద్దీన్‌ను కార్న్‌వాలిస్ డేరాకు పంపాడు. ఫిబ్రవరి 26న జరిగిన ఆ అప్పగింత లండన్ చిత్రకారులకు అన్ని యుద్ధాలకన్నా నచ్చిన దృశ్యమైంది. హోమ్, మాథర్ బ్రౌన్, ఆర్థర్ విలియం డేవిస్, హెన్రీ సింగిల్టన్ పోటీపడి దానిని గీశారు. హోమ్ పటంలో కార్న్‌వాలిస్ చెయ్యి చాచి పిల్లలను ఆహ్వానిస్తుంటాడు. చిత్రపు ఎడమ అంచున బొమ్మల అట్టల సంచి పట్టుకొని తొంగిచూస్తున్న హోమ్ కూడా ఉంటాడు. తాను అక్కడ ఉన్నాననడానికి సాక్ష్యం ఆయన తన బొమ్మలోనే పెట్టుకున్నాడు. చిన్నపిల్లలను తండ్రినుంచి విడదీసి రెండేళ్ళు పరాయి శిబిరంలో ఉంచడం అనే కఠినకార్యం ఆ పటాల్లో పితృవాత్సల్యంగా మారిపోయింది. హింసను హింసగా చూపనక్కరలేకుండా చేయడమే ఆ చిత్రాల సామర్థ్యం.

1799 మే 4న శ్రీరంగపట్టణం పడిపోయింది. ఆ యుద్ధానికి జనరల్ హారిస్ నడిపించిన దండు వెంట సుమారు లక్ష ఎద్దులు నడిచాయి. కోటగోడకు గండి పడగానే లగ్గెక్కించినవాడు, పూర్వం అదే పట్టణంలో చెరసాల అనుభవించిన డేవిడ్ బెయర్డ్. టిప్పు నీటివాకిలి దగ్గర శవాల గుట్టల మధ్య దొరికాడు. ఆ రాత్రి పట్టణమంతా లూటీ అయింది. దోచుకోబడని ఇల్లు అరుదని వెల్లస్లీ తానే రాశాడు. మరునాడు కొందరు సిపాయిలను ఉరితీయించి గాని దోపిడీ ఆపలేకపోయాడు.

వార్త లండన్ చేరిన కొద్ది నెలలకే రాబర్ట్ కెర్ పోర్టర్ అనే ఇరవైరెండేళ్ళ కుర్రవాడు, హిందూదేశాన్ని కంటితో చూడకుండానే, తిరిగివచ్చిన అధికారులను అడిగి తెలుసుకొని, సుమారు 120 అడుగుల పొడవున్న కాన్వాసుమీద శ్రీరంగపట్టణ ముట్టడిని ఆరువారాల్లో చిత్రించాడు. ఇటువంటి దానిని పనోరమా అంటారు. చూసేవాడి చుట్టూ అర్ధచంద్రాకారంగా అమర్చి, తానే యుద్ధరంగంలో నిలబడ్డట్టు భ్రమ కలిగించే ఈ చిత్రానికి టికెట్టు పెట్టి 1800లో లైసియం భవనంలో ప్రదర్శించారు. సినిమా లేని కాలంలో ఇదే వారి సినిమా. వందల మంది మనుషులు, నిచ్చెనలు, పొగ, కోటగండి నుంచి జారిపడే దేహాలు, వాటి నడుమ పోల్చదగిన ముఖాలతో ఇంగ్లీషు అధికారులు ఆ పటంలో ఉండేవారు. మూలచిత్రం తరువాత అగ్నిప్రమాదంలో నాశనమైనా, వెండ్రమీని చెక్కిన అచ్చుబొమ్మల ద్వారా దాని రూపం నిలిచింది. తరువాతి కాలంలో మహాచిత్రకారుడిగా వెలిగిన టర్నర్ కూడా తన యౌవనంలో ఈ ముట్టడిని నీటిరంగుల్లో గీశాడు. సింగిల్టన్ టిప్పు ఆఖరి పోరాటాన్ని గీశాడు. వీరెవరూ కావేరిని చూసినవారు కారు.

పట్టణం పట్టుకున్నవాడు బెయర్డ్ అయినా, దాని పాలన గవర్నరు జనరల్ తమ్ముడైన ఆర్థర్ వెల్లస్లీకి దక్కింది. ఆ అవమానం బెయర్డ్ మనసులో జీవితాంతం మానని గాయంగా ఉండిపోయింది. ఆయన చనిపోయాక, భర్త కీర్తి వెల్లస్లీ నీడలో మాసిపోకూడదని లేడీ బెయర్డ్ స్కాట్లండు చిత్రకారుడు డేవిడ్ విల్కీ చేత ఒక పెద్ద చిత్రం వేయించింది. 1839లో పూర్తయిన ఆ చిత్రంలో దీపపు వెలుగులో బెయర్డ్ నిటారుగా నిలబడి ఉంటాడు. అతని కాళ్ళ దగ్గర టిప్పు దేహం పడి ఉంటుంది. బెయర్డ్ పాదాల కింద చెరసాలను గుర్తుచేసే ఇనుపకమ్మీల గవాక్షం ఉంటుంది. ఇద్దరు సేనానుల పోటీ, ఒక వితంతువు పట్టుదల కలిసి నలభై ఏళ్ళ తరువాత ఒక చావును ఆ రూపంలో నిలబెట్టాయి. టిప్పు మృతదేహం అందులో ఉంది గాని, ఆ రాత్రి లూటీకి గురైన వీధి అందులో లేదు.

కాల్పనిక యుగపు కళంతా ఇలాగే ఉందని చెబితే అది సత్యానికి దూరమవుతుంది. అదే తరంలో స్పెయినులో ఫ్రాన్సిస్కో గోయా నెపోలియన్ సేనలు తన దేశాన్ని తొక్కేసినప్పుడు, 1810–20 మధ్య ఎనభైకి పైగా రాగిరేకు బొమ్మలు చెక్కాడు. చెట్టుకు కట్టేసిన ముక్కలైన దేహాలు, తుపాకుల ముందు మోకరిల్లినవారు, బిడ్డలను లాక్కొని పరుగెత్తే ఆడవారు వాటిలో ఉన్నారు. ఆ వరుసలో ఒక పెద్దభాగం యుద్ధం గురించి కాదు, 1811–12లో మాడ్రిడ్‌ను పట్టిపీడించిన కరువు గురించి. శవాలను బండికెత్తే మనుషులు, ఒక గిన్నెడు అంబలి చుట్టూ చేరిన ఎముకల గూళ్ళు అందులో కనబడతాయి. సేనాని లేడు, జెండా లేదు, ఏ పక్షం గెలిచిందో తెలియదు. యుద్ధపు ఆకలి ఎలా ఉంటుందో చూపడం ఆ కాలపు కళకు చేతకాక మానలేదని గోయా ఒక్కడే రుజువు చేశాడు. అయితే ఆ బొమ్మలు ఆయన బతికుండగా వెలువడలేదు. ఆయన 1828లో మరణించగా, అవి 1863లో గాని అచ్చుకాలేదు. ఇంకొందరిలో కూడా ఆ చూపు కనబడుతుంది. గ్రో గీసిన ఐలా యుద్ధభూమిలో, 1808 నాటికే, నెపోలియన్ గుర్రం ముందు మంచులో గడ్డకట్టిన శవాలే చూపును ఆపేస్తాయి. టర్నర్ 1818లో వాటర్లూను గీసినప్పుడు విజేతను వదిలేసి, రాత్రివేళ దివిటీలతో తమవారి శవాలను వెతుక్కొనే ఆడవారిని గీశాడు. డెలక్రువా 1824లో కియోస్ దీవి గ్రీకుల ఊచకోతను చిత్రించాడు. మైసూరు యుద్ధాన్ని మాత్రం అలా చూసిన ఐరోపా చిత్రకారుడెవడూ పేరుకెక్కలేదు. ఓడినవాడి బాధను గీయడానికి గెలిచినవాడి డబ్బు కొనుగోలుదారుగా రాదు.

ఈ సీమలో దుఃఖానికి బొమ్మలో చోటివ్వడం తెలియనిదేమీ కాదు. హిందూపురానికి సమీపంలోని లేపాక్షిలో, పదహారో శతాబ్దపు నాట్యమంటపం కప్పుమీద, రథం కింద దూడను చంపిన కొడుకును శిక్షించిన మనునీతి చోళుడి కథ చిత్రించి ఉంది. అందులో న్యాయం అడగడానికి వచ్చినది దూడను పోగొట్టుకున్న ఆవు. అదే కప్పుమీద కిరాతార్జునుల పోరు కూడా ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కళాకారులు నేటికీ మేకతోలును పలుచగా గీకి, దీపపు వెలుగు పారేటట్లు చిన్న చిన్న ఉలులతో నగల స్థానాల్లో బెజ్జాలు కొట్టి, ఎరుపు, పసుపు, నలుపు రంగులు వేసి, చేతులూ కాళ్ళూ విడివిడిగా కదిలేలా దారంతో కుట్టి బొమ్మలు చేస్తారు. ఆ ఊరికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. వారు మరాఠా దేశంనుంచి వచ్చినవారని సంప్రదాయం చెబుతుంది. కొందరి ఇళ్ళలో నేటికీ మరాఠీ మాట్లాడతారు. రాత్రంతా సాగే వారి ఆటలో లక్ష్మణమూర్ఛ ఘట్టం వచ్చినప్పుడు యుద్ధం ఆగిపోతుంది. తెరమీద పడి ఉన్న తమ్ముడి బొమ్మముందు రాముడి బొమ్మ కదలక నిలబడితే, తెరవెనుక గొంతు ఏడుస్తుంది. గెలిచినవాడైనా ఏడవాలన్నది ఆ ఆట నియమం. రావణుడు కూలిన తరువాత మండోదరి విలాపానికి కూడా అంతే సమయం ఇస్తారు. ఈ ఆటను చూస్తూ పెరిగినవారు, 1791 నాటి ఎద్దుల శవాల దారిని చూసినవారు ఒకే పల్లెలవారై ఉంటారు.

ఇక యుద్ధం మిగిల్చిన నష్టాన్ని నమోదు చేసినది పటం కాదు, లెక్కల పుస్తకం. 1792, 1799 ఒప్పందాల్లో టిప్పు రాజ్యంనుంచి తనకు వచ్చిన తెలుగు, కన్నడ సీమలను నిజాం 1800లో తన రాజ్యంలో ఉంచబోయే కంపెనీ పటాలాల ఖర్చుకింద కంపెనీకే రాసిచ్చాడు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో పెద్దభాగం కలిసిన ఆ ప్రాంతానికి దత్తమండలాలని పేరు వచ్చింది. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ఆ విధంగా రెండేళ్ళలో ముగ్గురు ప్రభువులను చూశాయి. శ్రీరంగపట్టణ ముట్టడిలో ఇంజనీరుగా పనిచేసిన కాలిన్ మెకంజీ, ఏలూరువాడైన కావలి వెంకట బొర్రయ్య, అతని తమ్ముళ్ళ సాయంతో ఊరూరా కైఫియత్తులు, శాసనాలు సేకరించడం మొదలుపెట్టాడు. కరణాల నోటినుంచి వచ్చిన ఆ కైఫియత్తుల్లో చెరువు ఎప్పుడు తెగింది, ఏ దండు వచ్చినప్పుడు ఊరు పాడుబడింది వంటి సంగతులు ఉన్నాయి. హోమ్ పటాల్లో లేనివి అవే.

కార్న్‌వాలిస్ దండులో యువ లెఫ్టినెంటుగా నడిచి, రీడ్ దగ్గర శిస్తుల పని నేర్చిన థామస్ మన్రో, 1800 చివరలో దత్తమండలాల మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా అనంతపురం చేరాడు. అతడికి ఎదురైనవి పాడుబడిన ఊళ్ళు, సుమారు ఎనభై మంది పాళెగాళ్ళు, వారి కింద దాదాపు ముప్పైవేల మంది ఆయుధధారులు. భవనాల్లో కాక డేరాల్లో ఉంటూ తాలూకా తాలూకా తిరిగిన ఆ మనిషి పాళెగాళ్ళను ఎలా అణచాడో, ఎద్దులు కొనుక్కోవడానికి రైతులకు తకావీ అప్పులు ఎలా ఇచ్చాడో, రైతువారీ పద్ధతి అనే కొత్త శిస్తు విధానం ఈ చేలల్లో ఎలా పాతుకుందో, ఒక విదేశీ అధికారి పేరుమీద పల్లెల్లో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనేంతవరకు సంగతి ఎలా వచ్చిందో వచ్చే భాగంలో.